‘సో’ పక్కనే ‘దట్’ వస్తే అర్థం మారుతుంది
ఫలితం వేరు.. ఉద్దేశం వేరు: ఇంగ్లిష్ వాక్యంలో తెలుగు విద్యార్థులు తడబడేది ఇక్కడే

కడప (విద్య): జ్వరంతో రెండు రోజులు బడికి రాలేకపోయిన విద్యార్థి మూడో రోజు ప్రధానోపాధ్యాయుడికి ఇంగ్లిష్‌లో సెలవు చీటీ రాస్తాడు. ‘ఐ వాజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సో దట్ ఐ కుడ్ నాట్ అటెండ్ ది స్కూల్’ అన్నది ఆ చీటీలో తప్పనిసరిగా కనిపించే వాక్యం. జ్వరం వచ్చింది కాబట్టి రాలేకపోయానన్నది విద్యార్థి మనసులోని మాట. ప్రధానోపాధ్యాయుడూ తెలుగువారే కనుక ఆ మాటను సరిగానే అర్థం చేసుకుని సంతకం చేస్తారు. ఆ విధంగా తప్పు తప్పుగానే మిగిలిపోయి విద్యార్థితో పాటు కళాశాలకు, అక్కడి నుంచి ఉద్యోగ దరఖాస్తుకు ప్రయాణం చేస్తుంది.

చిక్కంతా ‘సో దట్’ అన్న రెండు పదాల్లోనే ఉంది. నేటి వాడుకలో ఈ జంట పదం ప్రధానంగా ఉద్దేశాన్ని తెలుపుతుంది. ‘ఫలానా పని జరగాలని’, ‘జరిగేందుకు వీలుగా’ అన్నవి దాని అర్థాలు. పై చీటీని తెలుగు రాని అధికారి చదివితే ‘బడికి రాకుండా ఉండేందుకు జ్వరంతో బాధపడ్డాను’ అన్న వింత భావం స్ఫురించే ప్రమాదం ఉంది. అక్కడ కావలసింది ఒక్క ‘సో’ మాత్రమే. ‘ఐ హాడ్ ఫీవర్, సో ఐ కుడ్ నాట్ అటెండ్ స్కూల్’ అంటే సరిపోతుంది. ‘దట్’ తీసేస్తే వాక్యం నిలబడుతుంది.

సెలవు చీటీ విషయంలో నవ్వి ఊరుకోవచ్చు. బ్యాంకుకు రాసే లేఖ విషయంలో అలా కుదరదు. పంట రుణం గడువు పొడిగించాలని కోరుతూ ఓ రైతు తన కుమారుడి చేత ఇంగ్లిష్‌లో లేఖ రాయించుకున్నాడనుకుందాం. ‘ఐ సోల్డ్ మై బుల్లక్స్ సో దట్ ఐ కుడ్ నాట్ సో ది క్రాప్’ అని అందులో ఉంటే, పైరు పెట్టకుండా ఉండాలనే ఎద్దులను అమ్ముకున్నానని రైతే ఒప్పుకున్నట్లవుతుంది. ఎద్దులు అమ్ముకోవలసి వచ్చింది, అందువల్ల సేద్యం సాగలేదన్న గోడు కాస్తా కావాలని చేసిన పనిగా మారిపోతుంది. లేఖను పరిశీలించే అధికారి వేరే రాష్ట్రానికి చెందిన వారైతే ఆ వాక్యం వెనుక తెలుగు ఆలోచనను ఊహించి చదవరు.

ఈ రెండు ఉదాహరణల మధ్య ఒక తేడా ఉంది. జ్వరానికి, వానకు, కరవుకు ఉద్దేశాలు ఉండవు. అందువల్ల వాటి గురించిన వాక్యంలో ‘సో దట్’ పడినా చదివేవారు ఏదోలా సర్దుకుంటారు. ఎద్దులు అమ్మింది మనిషి. మనిషి చేసే పనికి ఉద్దేశం ఉంటుంది. కాబట్టి కర్త మనిషి అయినప్పుడు ‘సో దట్’ రాసేముందు ఒకసారి ఆగి చూసుకోవాలి.

పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో ‘సో దట్’ను ఫలితానికీ వాడిన వాక్యాలు కనిపిస్తాయన్నది నిజమే. ‘ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్, సో దట్ ది రోడ్స్ వర్ ఫ్లడెడ్’ వంటి వాక్యం తప్పు కాదు. అయితే అక్కడ ముందు కామా ఉంటుంది, తర్వాత జరిగిపోయిన సంగతి ఉంటుంది, ‘కుడ్’, ‘వుడ్’ వంటి సహాయక క్రియ ఉండదు. ఆ శైలిలో చేయి తిరిగిన వారికి అది చెల్లుతుంది. నేర్చుకునే దశలో ఉన్నవారు ఫలితానికి ‘సో’, ఉద్దేశానికి ‘సో దట్’ అని గీత గీసుకోవడమే మేలు.

తెలుగులో ఒకే ప్రత్యయం.. రెండు అర్థాలు

ఈ తడబాటుకు విద్యార్థుల అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. తెలుగు వాక్య నిర్మాణమే దానికి మూలం. ‘గ్రామసభలో అందరికీ వినిపించేలా సర్పంచ్ మాట్లాడారు’ అన్న వాక్యాన్ని పరిశీలిస్తే సంగతి బోధపడుతుంది. అందరికీ వినిపించాలన్న ఉద్దేశంతో ఆయన గొంతు పెంచారా, లేక ఆయన గట్టిగా మాట్లాడినందున అందరికీ వినిపించిందా? ‘వినిపించేలా’ అన్న మాట ఈ రెంటినీ మోయగలదు. ఏది ఉద్దేశమో, ఏది ఫలితమో సందర్భాన్ని బట్టి శ్రోతే తేల్చుకుంటాడు. ‘వినిపించేట్లు’, ‘వినిపించే విధంగా’ అన్నా అంతే.

ఇంగ్లిష్ ఈ వెసులుబాటు ఇవ్వదు. ఉద్దేశమైతే ‘ది సర్పంచ్ స్పోక్ లౌడ్లీ సో దట్ ఎవ్రీవన్ కుడ్ హియర్’ అనాలి. వెనుక కూర్చున్న వారికి నిజంగా వినిపించిందో లేదో ఈ వాక్యం చెప్పదు, ఆయన ఆశించింది మాత్రమే చెబుతుంది. ఫలితమైతే ‘ది సర్పంచ్ స్పోక్ సో లౌడ్లీ దట్ ఎవ్రీవన్ హర్డ్’ అనాలి. అందరూ విన్నారు, అది జరిగిపోయిన సంగతి.

‘లౌడ్లీ’ అన్న మాట ఎక్కడ నిలిచిందో గమనిస్తే చాలు, సగం వ్యాకరణం వచ్చినట్లే. మొదటి వాక్యంలో ‘సో’, ‘దట్’ పక్కపక్కనే ఉన్నాయి. రెండో వాక్యంలో వాటి నడుమ ఒక విశేషణమో, క్రియా విశేషణమో దూరింది. రెండూ కలిసి ఉంటే ఉద్దేశం, విడిపోయి మధ్యలో మరో మాట చేరితే ‘ఎంతగా అంటే’ అన్న తీవ్రతతో కూడిన ఫలితం. ‘ఎంత గట్టిగా మాట్లాడారంటే అందరికీ వినిపించింది’ అని తెలుగులో చెప్పగలిగిన ప్రతిచోటా ఇంగ్లిష్‌లో ‘సో’, ‘దట్’ విడివిడిగానే ఉంటాయి. ఈ ‘ఎంత.. అంటే’ పరీక్ష పదో తరగతి విద్యార్థికైనా, పోటీ పరీక్షల అభ్యర్థికైనా ఒకేలా పనికొస్తుంది.

ఉద్దేశం తెలిపే వాక్యంలో కాలాల పొందికనూ గమనించాలి. ముందున్న క్రియ వర్తమానంలో ఉంటే ‘కెన్’, ‘విల్’, ‘మే’లలో ఒకటి, భూతకాలంలో ఉంటే ‘కుడ్’, ‘వుడ్’, ‘మైట్’లలో ఒకటి రావడం పరిపాటి. ‘షి వర్క్స్ హార్డ్ సో దట్ షి కెన్ గెట్ ఎ సీట్’, ‘షి వర్క్‌డ్ హార్డ్ సో దట్ షి కుడ్ గెట్ ఎ సీట్’. రెండో వాక్యంలో ఆమెకు సీటు వచ్చిందని ఎక్కడా లేదు. ‘వచ్చింది’ అని చెప్పదలిస్తే ‘షి వర్క్‌డ్ సో హార్డ్ దట్ షి గాట్ ఎ సీట్’ అనాలి. తల్లిదండ్రులకు కావలసింది ఈ రెండో వాక్యమే అయినా, విద్యార్థులు ఎక్కువగా రాసేది మొదటిదే.

‘-కుండా’తో అసలు తంటా

‘-ఏలా’ కంటే చిక్కైనది ‘-కుండా’. ‘పడిపోకుండా మెల్లగా నడిచాడు’ అన్న తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చమంటే ఎక్కువమంది ‘హి వాక్‌డ్ స్లోలీ వితౌట్ ఫాలింగ్’ అని రాస్తారు. ‘వితౌట్’ అంటే ఆ పని జరగలేదని మాత్రమే చెప్పడం. పడిపోరాదన్న జాగ్రత్తతో నడిచాడన్నది అందులో రాలేదు. జాగ్రత్తను చెప్పాలంటే ‘హి వాక్‌డ్ స్లోలీ సో యాజ్ నాట్ టు ఫాల్’ అనాలి. లేదా ‘సో దట్ హి వుడ్ నాట్ ఫాల్’ అనవచ్చు.

‘అన్నం తినకుండా బడికి వెళ్లింది’ అన్నప్పుడు మాత్రం ‘వితౌట్’ సరైనదే. ‘షి వెంట్ టు స్కూల్ వితౌట్ ఈటింగ్’. అన్నం తినరాదన్న ఉద్దేశంతో ఎవరూ బడికి వెళ్లరు కదా. ‘పురుగు పట్టకుండా పైరుకు మందు కొట్టారు’ అన్నప్పుడు ఉద్దేశం స్పష్టం. అక్కడ ‘వితౌట్’ రాస్తే మందు కొడుతున్నంతసేపు పురుగు లేదన్నట్లు ఉంటుంది. ‘దే స్ప్రేయ్డ్ ది క్రాప్ సో దట్ పెస్ట్స్ వుడ్ నాట్ అటాక్ ఇట్’ అనడం సబబు. ‘టు ప్రివెంట్ పెస్ట్స్’ అంటే ఇంకా తేలిక.

మరో మెలిక ఉంది. నిశ్చయార్థంలో ‘టు’ ఒక్కటే ఉద్దేశాన్ని మోస్తుంది కానీ, వ్యతిరేకార్థంలో ‘నాట్ టు’ ఒంటరిగా సాధారణంగా నిలవదు. ‘హి గాట్ అప్ ఎర్లీ టు క్యాచ్ ది బస్’ బాగానే ఉంది. ‘హి గాట్ అప్ ఎర్లీ నాట్ టు మిస్ ది బస్’ మాత్రం అతకదు. ‘సో యాజ్ నాట్ టు మిస్’, ‘ఇన్ ఆర్డర్ నాట్ టు మిస్’ అనాలి. ‘నాట్ టు’ ముందు ‘సో యాజ్’ చేర్చడం మరిచిపోవడం వల్ల పోయే మార్కులు తక్కువేమీ కావు.

తెలుగు వారికి ఇంగ్లిష్ ఇంత తికమక పెడుతుంటే, ఇంగ్లిష్ వారికి తెలుగు తేలికగా వచ్చిందనుకోవడానికి వీల్లేదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ ఇదే దారిలో ఎదురు దిశ నుంచి నడిచారు. ఆయన రాసిన తెలుగు వ్యాకరణం 1840లోనూ, తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852లోనూ వెలువడ్డాయి. అంటే కడపలో అడుగుపెట్టిన ఇరవై ఏళ్లకు వ్యాకరణం, ముప్పై రెండేళ్లకు నిఘంటువు. ఆయన పేరిట నగరంలో నెలకొన్న భాషా పరిశోధన కేంద్రం మెట్లెక్కే విద్యార్థులు ఈ లెక్కను గుర్తు చేసుకుంటే, ఒక్క వేసవిలో ఇంగ్లిష్ రాలేదని దిగులు పడనక్కర్లేదు.

‘కోసం’ అంటే ‘ఫర్’ కాదు

‘డాక్టరును చూడడం కోసం కడపకు వెళ్లాను’ అన్న ఆలోచనను మాటకు మాటగా దించితే ‘ఐ వెంట్ టు కడప ఫర్ సీయింగ్ ది డాక్టర్’ అవుతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి ‘ఫర్ టు సీ’ అనేస్తారు. మనిషి ఒక పని చేయడంలోని ఉద్దేశాన్ని తెలపడానికి ‘టు సీ’ చాలు. ‘ఫర్’ తర్వాత నామవాచకం వస్తే ఇబ్బంది లేదు, ‘ఐ వెంట్ టు కడప ఫర్ ట్రీట్‌మెంట్’ అని నిక్షేపంగా రాయవచ్చు. వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు మాత్రం ‘ఫర్’ తర్వాత ‘ఇంగ్’ రూపం వస్తుంది. ‘దిస్ నైఫ్ ఈజ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్’.

‘ఇన్ ఆర్డర్ టు’, ‘సో యాజ్ టు’ అన్నవి ‘టు’కే కొంచెం గంభీరమైన వేషాలు. కార్యాలయ లేఖల్లో అందంగా ఉంటాయి. ఇంటి సంగతులు చెప్పేటప్పుడు కాస్త బరువనిపిస్తాయి. ‘ఇన్ ఆర్డర్ దట్’ మరీ పుస్తకాల భాష.

వీటన్నింటికీ ఒక షరతు ఉంది. పని చేసేవాడూ, ఉద్దేశం నెరవేర్చేవాడూ ఒకరే అయినప్పుడే ‘టు’ నేరుగా వస్తుంది. తెలుగుకు ఈ పట్టింపు లేదు. ‘పిల్లలు చదువుకోవడానికి తండ్రి కంప్యూటర్ కొన్నాడు’ అంటే ఎవరికీ సందేహం రాదు. కొన్నది తండ్రి, చదువుకునేది పిల్లలు. దీన్ని ‘ది ఫాదర్ బాట్ ఎ కంప్యూటర్ టు స్టడీ ది చిల్డ్రన్’ అని రాస్తే, పిల్లల మీద పరిశోధన చేసేందుకు తండ్రి కంప్యూటర్ కొన్నట్లవుతుంది. కర్తలు ఇద్దరైనప్పుడు ‘సో దట్’ను ఆశ్రయించాలి. ‘ది ఫాదర్ బాట్ ఎ కంప్యూటర్ సో దట్ హిజ్ చిల్డ్రన్ కుడ్ స్టడీ’. లేదా రెండో కర్తకు ముందు ‘ఫర్’ చేర్చి ‘ఫర్ హిజ్ చిల్డ్రన్ టు స్టడీ విత్’ అనవచ్చు.

‘టు’ ఉన్నా ఉద్దేశం లేని సందర్భం ఒకటుంది. ‘హి రష్డ్ టు ది బస్ స్టాండ్ ఓన్లీ టు ఫైండ్ దట్ ది బస్ హాడ్ లెఫ్ట్’. బస్సు వెళ్లిపోయిందని తెలుసుకోవడానికి ఎవరూ పరుగెత్తరు. ఉరుకులు పరుగులతో వెళ్లాడు, తీరా చూస్తే బస్సు లేదు. తెలుగులోని ఆ ‘తీరా’కు ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ టు’ చక్కగా సరిపోతుంది.

కామాతో కలిపేవి.. చుక్కతో విడిపోయేవి

‘సో’ సంయోజకం. రెండు వాక్యాలను కామాతో కలుపుతుంది. ‘దేర్‌ఫోర్’, ‘హెన్స్’, ‘యాజ్ ఎ రిజల్ట్’ అర్థంలో దానికి దగ్గరివే అయినా సంయోజకాలు కావు. వాటికి ముందు ఫుల్‌స్టాపో, సెమీకోలనో ఉండాలి. ‘ది బ్రిడ్జ్ కొలాప్స్‌డ్, దేర్‌ఫోర్ బసెస్ వర్ స్టాప్‌డ్’ అని కామాతో అతికించడం దోషం. ‘ది బ్రిడ్జ్ కొలాప్స్‌డ్. దేర్‌ఫోర్, బసెస్ వర్ స్టాప్‌డ్’ అనాలి. పత్రికల వార్తల్లో ‘వంతెన కూలింది. దీంతో రాకపోకలు నిలిచిపోయాయి’ అని రోజూ కనిపించే ‘దీంతో’ సరిగ్గా ఈ పనే చేస్తుంది. అనువాదం నేర్చుకునే విద్యార్థికి వార్తాపత్రికలోని ‘దీంతో’లన్నీ ‘యాజ్ ఎ రిజల్ట్’కు సిద్ధంగా ఉన్న పాఠాలే. ‘విత్ దిస్’ అని మాత్రం రాయకూడదు.

‘తద్వారా’ మరో రకం. ‘బిందు సేద్యం అమర్చుకోవాలి, తద్వారా నీటిని ఆదా చేసుకోవచ్చు’ అన్నచోట ఉద్దేశమూ, ఫలితమూ కలగలిసి ఉంటాయి. సాధారణంగా ‘సో దట్’ దీనికి సరిపోతుంది. జరిగిపోయిన విషయమైతే ‘దేర్‌బై సేవింగ్ వాటర్’ అనడం కుదురుతుంది.

కారణానికీ, ఫలితానికీ రెండు చోట్లా పదం తగిలించడం మరో అలవాటు. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో వి డిడ్ నాట్ గో’ అన్న వాక్యం బళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, అది తప్పంటే నమ్మేవారు తక్కువ. తెలుగులో ‘ఎందుకంటే’, ‘కాబట్టి’ ఒకే మాటలో కలిసి దొర్లుతుంటాయి. ఇంగ్లిష్‌లో ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు. ‘బికాజ్’ ఉంచుకుంటే ‘సో’ వదలాలి, ‘సో’ ఉంచుకుంటే ‘బికాజ్’ వదలాలి.

‘దట్ ఈజ్ వై’, ‘దట్ ఈజ్ బికాజ్’ల మధ్యా ఇదే గందరగోళం. మొదటిదాని వెనుక ఫలితం వస్తుంది, రెండోదాని వెనుక కారణం వస్తుంది. ‘ది బోర్‌వెల్ డ్రైడ్ అప్. దట్ ఈజ్ వై వి బై వాటర్’. ‘వి బై వాటర్. దట్ ఈజ్ బికాజ్ ది బోర్‌వెల్ డ్రైడ్ అప్’. తెలుగులో ‘అందుకే’, ‘ఎందుకంటే’ అని పెట్టి చూసుకుంటే తికమక తీరుతుంది.

పరీక్షల్లో అడిగేవి

వాక్యాన్ని మార్చి రాయమనే ప్రశ్నల్లో ‘సో.. దట్’ నుంచి ‘టూ.. టు’కు మార్చడం తరతరాలుగా వస్తున్నదే. ‘ది టీ ఈజ్ సో హాట్ దట్ ఐ కెనాట్ డ్రింక్ ఇట్’ను మార్చితే ‘ది టీ ఈజ్ టూ హాట్ ఫర్ మి టు డ్రింక్’ అవుతుంది. చివరన ఉన్న ‘ఇట్’ను తీసేయడం మరువరాదు, మార్కు పోయేది దాని దగ్గరే. ‘టూ’లోనే ‘వీలుకాదు’ అన్న వ్యతిరేకార్థం ఇమిడి ఉంది కాబట్టి ‘నాట్’ కూడా రాదు. ‘చాలా’ అన్న అర్థంలో ‘టూ’ను వాడేవారు ఈ కారణంగానే ఇబ్బంది పడతారు.

విశేషణం ఒంటరిగా ఉంటే ‘సో’, దాని వెంట నామవాచకం ఉంటే ‘సచ్’. ‘ది క్వశ్చన్ వాజ్ సో డిఫికల్ట్ దట్..’, ‘ఇట్ వాజ్ సచ్ ఎ డిఫికల్ట్ క్వశ్చన్ దట్..’. వాన, నీరు వంటి లెక్కించలేని వాటికి ‘ఎ’ ఉండదు. ‘సచ్ హెవీ రెయిన్ దట్’ అనాలే తప్ప ‘సచ్ ఎ హెవీ రెయిన్ దట్’ అని రాయకపోవడం మంచిది.

‘లెస్ట్’ అనేది మాటల్లో దాదాపు వినిపించకపోయినా ప్రశ్నపత్రాల్లో బతికే ఉంది. దాని వెంట ‘షుడ్’ వస్తుంది, ‘నాట్’ రాదు. ‘వాక్ కేర్‌ఫుల్లీ లెస్ట్ యు షుడ్ ఫాల్’. ‘లెస్ట్’లోనే ‘-కుండా’ ఉంది కనుక మళ్లీ ‘నాట్’ చేరిస్తే పడిపోవాలని దీవించినట్లే.

పోటీ పరీక్షల్లో పందెం ఇంకా పెద్దది. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లిష్ పేపరు అర్హత పేపరు. అందులో 25 శాతం రాకపోతే మిగిలిన పేపర్లలో ఎంత బాగా రాసినా లెక్కలోకి తీసుకోరు. రెండు తెలుగు రాష్ట్రాల గ్రూప్-1 మెయిన్స్‌లోనూ ఇంగ్లిష్ అర్హత పేపరే. ర్యాంకు కోసం చదివే చరిత్ర, అర్థశాస్త్రాల మీద ఏళ్ల తరబడి కూర్చునే అభ్యర్థులు, ఆ ర్యాంకుకు గేటు లాంటి ఈ పేపరును చివరి వారానికి వదిలేయడం కనిపిస్తూనే ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన వారికి ఇది మరింత నష్టం.

సాధనకు పెద్ద పుస్తకం అవసరం లేదు. దినపత్రికలోని తెలుగు వార్తను తీసుకుని ‘-ఏలా’, ‘-కుండా’, ‘దీంతో’, ‘తద్వారా’, ‘అందుకే’ ఉన్న వాక్యాలను గీత గీసి, ఒక్కొక్కటి ఉద్దేశమో ఫలితమో పక్కన రాసుకున్నాకే ఇంగ్లిష్‌లోకి మార్చాలి. నాలుగు వాక్యాలతో ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ‘చెరువు నిండేలా వాన కురిసింది’, ‘చెరువు నిండేలా కాలువ తవ్వారు’, ‘ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచాడు’, ‘ఎవరికీ తెలియకుండా తలుపు మెల్లగా మూశాడు’. మొదటిది ఫలితం, వానకు ఉద్దేశం ఉండదు కనుక ‘ఇట్ రెయిన్డ్ సో హెవిలీ దట్ ది ట్యాంక్ ఫిల్డ్ అప్’. రెండోది ఉద్దేశం, ‘దే డగ్ ఎ కెనాల్ సో దట్ ది ట్యాంక్ వుడ్ ఫిల్ అప్’. మూడోది ‘హి లెఫ్ట్ ది విలేజ్ వితౌట్ టెల్లింగ్ ఎనీవన్’. నాలుగోదానికి ‘వితౌట్’ రాసినవారు ‘-కుండా’ గురించిన భాగాన్ని మరోసారి చదవాలి. ‘హి క్లోజ్‌డ్ ది డోర్ సాఫ్ట్‌లీ సో దట్ నో వన్ వుడ్ నో’ అన్నది జవాబు.